ఇంట్లో కూర్చునే కదా చేసేది!

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఈ రోజుల్లో ఆ సామెతకి మూడో ముక్క తగిలించాలి... వెబ్‌సైట్ కట్టి చూడు అని! కట్టిన ఇంటికి వంకలు చెప్పేవాళ్లు వెయ్యిమంది అన్నది కూడా దీనికి అచ్చంగా సరిపోతుంది. కరెంటు బిల్లు కట్టబోతే ఎక్కడ నొక్కాలో తెలీదు. పిల్లల ఫీజు కట్టబోతే వివరాలన్నీ నింపాక చివర్లో ఏదో తప్పంటుంది, ఏం తప్పో చెప్పదు. మళ్లీ మొదటికొచ్చి పేరు, ఊరు, పిన్‌కోడు నింపుకోవాలి. "ఎవరు చేశారే ఈ మాయదారి వెబ్‌సైటు!" అని ఒక్కసారైనా విసుక్కోని ఇల్లాలు ఈ రోజుల్లో ఉంటుందా?

నిజమే, ఎవరు చేస్తారు ఇవన్నీ? ఎక్కడో అద్దాల మేడల్లో కూర్చున్న పెద్ద కంపెనీల వాళ్లు అనుకుంటాం. పెద్ద వాటి సంగతి అంతే. కానీ మన ఊళ్లో చీరల కొట్టు, పచ్చళ్ల వ్యాపారం, పళ్ల డాక్టరుగారి క్లినిక్, సంగీతం పాఠాలు చెప్పే టీచరుగారు... వీళ్లకి వెబ్‌సైట్లు చేసిపెట్టే వాళ్లలో చాలామంది ఏ కంపెనీ హాజరు పట్టీలోనూ ఉండరు. సొంతంగా పని తెచ్చుకుంటారు, సొంతంగా చేస్తారు, డబ్బు కూడా సొంతంగానే వసూలు చేసుకుంటారు. ఫ్రీలాన్స్ డిజైనర్లంటే వీళ్లే. వాళ్లలో మన అమ్మాయిలూ ఉన్నారు. డిగ్రీ చదివి, పెళ్లయి, పిల్లల కోసం ఉద్యోగం మానేసి, మళ్లీ ఏదైనా చెయ్యాలని ఈ పని నేర్చుకుంటున్న వాళ్లు నాకు తెలిసే నలుగురైదుగురున్నారు.

"ఆడపిల్లకి ఇంతకంటే మంచి పని ఏముంటుందండీ! హాయిగా ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు" అంటారు అందరూ. ఆ మాట వినడానికి ఎంత ఇంపుగా ఉంటుందో! కానీ నాకు మాత్రం ఆ మాట మీదే అనుమానం. ఈ పనిలో ఉన్న విద్య ఏమిటో తెలీక అనే మాట అది. పని విలువని సగానికి సగం తగ్గించేది కూడా ఆ మాటే.

సున్నం కొట్టడం కాదు

పాత వెబ్‌సైటుని కొత్తగా తీర్చిదిద్దడాన్ని రీడిజైన్ అంటారు. కొత్తొక వింత, పాతొక రోత కదా... నాలుగేళ్లయ్యేసరికి యజమానికి తన వెబ్‌సైటు చూస్తే మొహం మొత్తుతుంది. "రంగులు మార్చండి, పెద్ద పెద్ద ఫొటోలు పెట్టండి, రిచ్‌గా ఉండాలి" అంటాడు. చాలామంది దృష్టిలో రీడిజైన్ అంటే పండక్కి ఇంటికి సున్నం కొట్టించడం లాంటిదే.

అలా అనుకుంటే ఏమవుతుందో పెద్దవాళ్ల అనుభవమే చెబుతుంది. ఇంగ్లండులో మార్క్స్ అండ్ స్పెన్సర్ అనే పేరుమోసిన దుకాణాల సంస్థ 2014 ఫిబ్రవరిలో తన వెబ్‌సైటుని పూర్తిగా కొత్తది చేసింది. దానికైన ఖర్చు సుమారు 15 కోట్ల పౌండ్లు! చూడ్డానికి పత్రికలాగా అందంగా తయారైంది. కానీ పాత ఖాతాదారులంతా మళ్లీ మొదటి నుంచి పేర్లు నమోదు చేసుకోవాల్సొచ్చింది. అలవాటైన చోట అలవాటైన వస్తువు లేదు. ఆ ఏడాది జూన్‌తో ముగిసిన మూడు నెలల్లో ఆన్‌లైన్ అమ్మకాలు 8.1 శాతం పడిపోయాయి. ఇన్నాళ్లూ చీకట్లో కూడా చెయ్యి పెట్టి తీసుకునే ఉప్పు డబ్బాని ఎవరో వచ్చి పై అరలోకి మారిస్తే మనకెలా ఉంటుంది? వంటిల్లు అందంగా ఉందని సంతోషిస్తామా, ఉప్పేదని అరుస్తామా?

దీనికి తలకిందులుగా ఇంకో కథ ఉంది. జారెడ్ స్పూల్ అనే అమెరికన్ నిపుణుడు 2009లో రాశాడు. ఒక పెద్ద ఆన్‌లైన్ దుకాణంలో వస్తువులన్నీ బుట్టలో వేసుకున్నాక, డబ్బు కట్టే ముందు "లాగిన్ అవ్వండి లేదా రిజిస్టర్ చేసుకోండి" అని అడిగేవాళ్లట. మామూలు విషయమే అనిపిస్తుంది కదా! ఆయన బృందం కొనేవాళ్ల పక్కన కూర్చుని చూసింది. కొత్తవాళ్లకి ఆ మాట చూడగానే చిరాకు. నేను వచ్చింది వస్తువు కొనుక్కోవడానికి, వీళ్లతో చుట్టరికం కలుపుకోవడానికా అని. పాతవాళ్లకి పాస్‌వర్డు గుర్తుండదు. అప్పుడు చేసిన మార్పు చాలా చిన్నది. రిజిస్టర్ అన్న బటన్ తీసేసి దాని స్థానంలో "కొనసాగించండి" అన్న బటన్ పెట్టారు. ఖాతా తెరవకపోయినా కొనుక్కోవచ్చు అని పక్కన ఒక ముక్క రాశారు. అంతే! కొనుగోళ్లు పూర్తిచేసేవాళ్లు 45 శాతం పెరిగారు. మొదటి ఏడాదిలో ఆ దుకాణానికి అదనంగా వచ్చిన ఆదాయం 30 కోట్ల డాలర్లని ఆయన లెక్క.

చూశారా తేడా! ఒకచోట కోట్లు ఖర్చుపెట్టి గోడలన్నీ మార్చారు. ఇంకోచోట గడప దగ్గర అడ్డంగా ఉన్న ఒక్క బండరాయిని పక్కకి జరిపారు. ఆ బండరాయి ఎక్కడుందో కనిపెట్టడమే అసలు విద్య. దానికి రంగుల డబ్బాకన్నా ముందు కళ్లూ చెవులూ కావాలి.

చుక్కల ముగ్గు తెలిసిన చెయ్యి

ఈ రంగంలో ఆడవాళ్ల పేరు చెప్పాలంటే నాకు మొదట గుర్తొచ్చేది సుసాన్ కేర్. ఆవిడ చదివింది కంప్యూటర్లు కాదు, కళలు. న్యూయార్కు విశ్వవిద్యాలయంలో 1978లో డాక్టరేటు తీసుకున్నారు. 1982లో హైస్కూలు నాటి స్నేహితుడు ఆండీ హెర్ట్జ్‌ఫెల్డ్ "మా కొత్త కంప్యూటరుకి చిన్న చిన్న బొమ్మలు వేసిపెడతావా" అని అడిగాడు. ఆవిడ చేతిలో కంప్యూటరు కూడా లేదు. లెక్కల పుస్తకంలాంటి గళ్ల కాగితాల నోటుపుస్తకం కొనుక్కుని, ఒక్కొక్క గడినీ ఒక్కొక్క చుక్క అనుకుని నింపడం మొదలుపెట్టారు. అడ్డంగా 32, నిలువుగా 32 గళ్లు. అంతలోనే నవ్వు మొహం కంప్యూటరు, చెత్తబుట్ట, వత్తి అంటుకున్న బాంబు... 1984 జనవరిలో విడుదలైన ఆపిల్ మాకింతోష్ తెరమీద కనిపించినవి ఆవిడ గీసిన బొమ్మలే. లెక్కపెట్టి కుట్టే ఎంబ్రాయిడరీ, మొజాయిక్ లాంటివి తెలిసి ఉండటం ఈ పనికి తోడ్పడిందని ఆవిడే చెప్పుకున్నారు.

మనకి ఇది వింతా చెప్పండి? పదకొండు చుక్కలు, మధ్య చుక్క, ఒకటి వచ్చేవరకు... అని లెక్కపెట్టి వాకిట్లో పద్మం దించే చెయ్యి మనది. అంచు మీద పోగులు లెక్కపెట్టి కుట్టే చూపు మనది.

సుసాన్ కేర్ కథలో నాకు నచ్చింది ఇంకొకటుంది. కంపెనీ ఉద్యోగాల తర్వాత ఆవిడ సొంతంగా పనిచెయ్యడం మొదలుపెట్టారు. 1990లో మైక్రోసాఫ్ట్ విండోస్ 3.0తో వచ్చిన సాలిటైర్ ఆట గుర్తుందా? ఆఫీసుల్లో పని లేనప్పుడల్లా అందరూ ఆడుకున్న ఆ పేకముక్కల బొమ్మలు ఆవిడవే! ఎవరి ఉద్యోగీ కాకుండానే ప్రపంచమంతా వాడే వస్తువుకి రూపమిచ్చారు. 2018లో అమెరికా డిజైనర్ల సంఘం తన పతకమిచ్చి గౌరవించింది. ఆవిడని ఎవరూ "ఖాళీ టైములో బొమ్మలేస్తుంది" అనలేదు.

అయితే ఒక్కమాట. ముగ్గు వచ్చినంత మాత్రాన వెబ్‌సైటు వచ్చేయదు. సంగీత జ్ఞానం ఉన్నా సాధన చెయ్యందే గొంతు పలకనట్టే ఇదీ. నేర్చుకోవాలి, కాగితం మీద వందసార్లు గీసి చెరపాలి.

యజమాని కాదు, కొనేవాళ్లు

మా పిన్ని కూతురు ఈ పని చేస్తుంది. ఉండేది గోదావరి జిల్లాలో ఒక చిన్న టౌను. ఈమధ్య ఒక చీరల కొట్టుకి పాత వెబ్‌సైటు మార్చిపెట్టే పని ఒప్పుకుంది. అదెలా చేసిందో దగ్గరుండి చూశాను కాబట్టి చెబుతున్నాను.

పాత వెబ్‌సైటు తెరవగానే సన్నాయి మోగేది. తర్వాత కొట్టు స్థాపించిన పెద్దాయన ఫొటో. ఆ తర్వాత ఒకదాని వెనక ఒకటి కదిలిపోయే పట్టుచీరల బొమ్మలు. ధర ఎక్కడుందో వెతుక్కోవాలి. యజమాని కోరిక ఒకటే... ఇంకా బంగారు రంగు కావాలి!

మా చెల్లి మొదటి వారం కంప్యూటరు తెరవలేదు. కొట్టులో గల్లాపెట్టె పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. వచ్చే ఫోన్లన్నీ విని పుస్తకంలో రాసుకుంది. "బ్లౌజు ముక్క చీరలోనే ఉందా, విడిగా ఇస్తారా?" "ఫొటోలో ఉన్న రంగే వస్తుందా?" "నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారా?" "శుక్రవారానికి అందుతుందా?" తిప్పి తిప్పి ఇవే ప్రశ్నలు. "అక్కా, వెబ్‌సైటు చెప్పాల్సిన నాలుగు మాటలూ ఇవే. అవి తప్ప అన్నీ చెబుతోంది" అంది నాతో.

తర్వాత చీరల రకాలు చిన్న చిన్న చీటీల మీద రాసి, కొట్టుకొచ్చిన ఆడవాళ్ల ముందు పెట్టి "మీరైతే వీటిని ఎలా సర్దుతారు?" అని అడిగింది. యజమాని ఉప్పాడ, వెంకటగిరి, మంగళగిరి, గద్వాల అని నేత పేర్లతో సర్దుకున్నాడు. కొనేవాళ్లలో సగంమంది అలా సర్దలేదు. పెళ్లికి, పెట్టుబడికి, ఆఫీసుకి, రోజూ కట్టుకోవడానికి అని సర్దారు. పెట్టుబడి చీరలు కొనేవాళ్లకి నేత కన్నా ముందు కావాల్సింది ధర, ఒకే ధరలో ఎన్ని దొరుకుతాయన్నది! ఈ సంగతి ఏ కంప్యూటరు పుస్తకంలోనూ దొరకదు. అందుకే రెండు దారులూ పెట్టింది.

కాగితం మీద గీసిన నమూనాని ఫోనులోకెక్కించి, కొట్టులో పనిచేసే అమ్మాయికీ, యజమాని భార్యకీ, మా పిన్నికీ, ఇంకో ఇద్దరికీ ఇచ్చి "ఫలానా చీర కొనండి" అంది. తను నోరు విప్పలేదు. వాళ్ల వేలు ఎక్కడ ఆగిందో చూసింది. అయిదుగురు చాలా అని నాకు సందేహం. ఈ శాస్త్రంలో పేరున్న జేకబ్ నీల్సన్ 2000లోనే చెప్పాడట... అయిదుగురితో వాడించి చూస్తే పెద్ద పెద్ద ఇబ్బందులు చాలావరకు బయటపడతాయి, ఒకేసారి యాభైమందితో కాకుండా సరిచేసిన ప్రతిసారీ అయిదుగురితో చూసుకోవడం మేలు అని.

ప్రభుత్వాలే ఈ పద్ధతి పట్టినప్పుడు ఏం జరిగిందో బ్రిటన్‌లో చూడొచ్చు. శాఖకొక వెబ్‌సైటుగా చెదిరిపోయి ఉన్న సమాచారాన్ని ఒక్కచోటికి తేవాలని 2010లో మార్తా లేన్ ఫాక్స్ అనే ఆవిడ నివేదిక ఇచ్చారు. 2012 అక్టోబర్ 17న అందరికీ కలిపి ఒకే వెబ్‌సైటు మొదలైంది. అందులో ఆర్భాటం లేదు. తెల్లటి పేజీ, నల్లటి అక్షరాలు, సూటి మాటలు. వాళ్లు రాసుకున్న సూత్రాల్లో మొదటిది "వాడేవాళ్ల అవసరంతో మొదలుపెట్టు" అన్నదే. అక్కడ భాష సంగతి చూసిన బృందానికి నాయకత్వం వహించింది శారా రిచర్డ్స్ అనే మహిళ. ఏ మాట రాయాలి, ఏది తీసేయాలి అన్నది కూడా డిజైనే అని పట్టుబట్టారావిడ. అలంకారం లేని ఆ వెబ్‌సైటుకే 2013లో లండన్ డిజైన్ మ్యూజియం ఆ ఏటి మేటి డిజైన్ బహుమతి ఇచ్చింది!

తెలుగు వెబ్‌సైటు చేసేవాళ్లకి ఇంకో బాధ్యత ఉంది. మన అక్షరాలకి కింద ఒత్తులుంటాయి, పైన గుడులుంటాయి. ఇంగ్లీషుకి చాలిన ఎడం వరుసల మధ్య పెడితే పై వరుస ఒత్తు కింద వరుస తలకట్టుకి తగులుతుంది. ఇంగ్లీషులో చిన్న మాట పట్టిన బటన్‌లో తెలుగు మాట పట్టదు. ఇదివరకు తెలుగు పత్రిక కంప్యూటర్లో చదవాలంటే ఆ పత్రిక ఫాంటు విడిగా ఎక్కించుకోవాల్సొచ్చేది. ఇప్పుడా బాధ లేదు. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. సురవరం, మల్లన్న, రామభద్ర లాంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. ఇంకా లేనిదల్లా శ్రద్ధ! తెల్లటి పేజీ మీద లేత బూడిద రంగు అక్షరాలు పెడితే చత్వారం వచ్చిన కళ్లు ఎలా చదువుతాయి? అక్షరానికీ వెనక రంగుకీ కనీసం 4.5కి 1 వంతున తేడా ఉండాలని అంతర్జాతీయ ప్రమాణమే ఉంది. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కూడా సమాచారం అందరికీ అందుబాటులో ఉండాలంటోంది.

ఇక ఫోను. 2010లో ఈథన్ మార్కాట్ అనే డిజైనరు ఒక వ్యాసం రాసి ఒకే పేజీ ఏ తెరకైనా తగ్గట్టు తనంత తాను సర్దుకునే పద్ధతికి పేరు పెట్టాడు. నీళ్లు చెంబులో పోస్తే చెంబులాగా, గిన్నెలో పోస్తే గిన్నెలాగా ఉన్నట్టు. మన ఊళ్లలో చాలామందికి కంప్యూటరు లేదు, ఫోనే ఉంది. కాబట్టి ముందు ఫోనులో బాగుండాలి.

పాత పేజీల చిరునామాలు పాడవకుండా చూసుకోవడం ఇంకో ముఖ్యమైన పని. ఇల్లు మారినప్పుడు పోస్టాఫీసులో కొత్త అడ్రసు ఇచ్చి వస్తాం కదా! అలాగే పాత లింకు నొక్కినవాళ్లు కొత్త పేజీకి చేరేలా దారి మళ్లించాలి. వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే చిరునామాలు మార్చొద్దని మొత్తుకున్నాడు. పైకి కనపడని ఇలాంటి పనికే టైమంతా పోతుంది. "రంగు మార్చడానికి నెల రోజులా?" అని అడిగేవాళ్లకి ఇవేవీ తెలీవు.

తియ్యటి మాటల ఉచ్చు

డిజైనరుకి నేర్పు ఉంటే చాలదు, మనస్సాక్షి కూడా ఉండాలి. మీరు అడగకుండానే బుట్టలో ఇన్సూరెన్సో, విరాళమో చేరిపోవడం చూశారా? "వద్దు, నాకు డబ్బు ఆదా చెయ్యడం ఇష్టం లేదు" అని మనచేత సిగ్గుపడేలా నొక్కించడం? చేరడానికి ఒక్క నొక్కు, మానుకోవడానికి ఇరవై నొక్కులు? ఇవి పొరపాటున వచ్చినవి కావు. కావాలని ఎవరో డిజైన్ చేసినవి. 2010లో హ్యారీ బ్రిగ్నల్ వీటికి డార్క్ పాటర్న్స్ అని పేరు పెట్టాడు. మన దేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్ 30న ఇలాంటి 13 రకాల మోసాలని పేరుపేరునా చెప్పి నిషేధిస్తూ మార్గదర్శకాలు ప్రకటించింది.

యజమాని అడిగితే ఫ్రీలాన్సరు ఏం చెయ్యాలి? పని పోతుందేమోనన్న భయం ఉంటుంది. మా చెల్లిని ఆ కొట్టు యజమాని "ఇంకా రెండే చీరలు మిగిలాయి అని ఎర్రక్షరాలతో పెట్టమ్మా, జనం తొందరపడి కొంటారు" అన్నాడట. "లోపల ఎన్ని ఉన్నాయో నిజంగా లెక్క చెప్పండి బాబాయ్‌గారూ, ఆ లెక్కే పెడతాను" అందట ఇది. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఊరుకోని వాళ్లూ ఉంటారు. అప్పుడు కాదనగలగాలంటే చేతిలో నాలుగు డబ్బులుండాలి, ఇంట్లో అండ ఉండాలి. అక్కడికే వస్తున్నాను.

అడగందే అమ్మయినా పెట్టదు

పని పూర్తయింది. వెబ్‌సైటు బాగుందన్నారు. పాత ప్రశ్నలతో వచ్చే ఫోన్లు తగ్గాయి. సగం డబ్బు ముందే ఇచ్చిన యజమాని మిగతా సగం దగ్గర మొదలుపెట్టాడు... "ఇంట్లో కూర్చునే కదమ్మా చేసేది! షాపు అద్దె లేదు, కరెంటు బిల్లు లేదు. కాస్త తగ్గించుకో." ఆ తర్వాత రేపు, ఎల్లుండి, దసరా అయ్యాక. ఆర్నెల్లు! ఆయనే గోడలకి రంగులు వేసినవాళ్లకి శనివారం సాయంత్రానికల్లా లెక్క తేల్చాడు. వాళ్లు గుమ్మం ముందు నిలబడతారు కాబట్టి. ఇంట్లో కూర్చున్న అమ్మాయి కనపడదు కాబట్టి ఆమె బాకీ కూడా కనపడదు.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటే ఇదేనేమో! అదే పని హైదరాబాదులో ఆఫీసు బోర్డున్నవాళ్లు చేస్తే అడిగినంతా ఇచ్చేవాడు కాడూ?

ఇందులో ఆడపిల్లల తప్పు లేదుగానీ, వాళ్లు తెలుసుకోవాల్సింది మాత్రం ఉంది. డబ్బు అడగడం సిగ్గు అని మనకి చిన్నప్పటినుంచీ నూరిపోశారు. సూక్ష్మ, చిన్న తరహా సంస్థల కోసం 2006లో చట్టం వచ్చింది. ఒక్క మనిషి నడిపే పని కూడా అందులో సూక్ష్మ సంస్థే. 2020 జులై నుంచి అమల్లో ఉన్న ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్లో ఉచితంగా చేసుకోవచ్చు, దళారీకి పైసా ఇవ్వక్కర్లేదు. అలా నమోదైన వాళ్ల దగ్గర పని చేయించుకుంటే రాతపూర్వకమైన ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా డబ్బు చెల్లించాలి. ఒప్పందం లేకపోతే 15 రోజులే గడువు. దాటితే రిజర్వు బ్యాంకు చెప్పే బ్యాంకు రేటుకి మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ! రాష్ట్రంలో ఉండే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి ఆన్‌లైన్ పోర్టల్ ద్వారా ఇంటినుంచే ఫిర్యాదు చెయ్యొచ్చు. పని ఒప్పుకోక ముందే నమోదు చేయించుకోవడం మంచిది.

చట్టం దాకా వెళ్లకుండా ఉండాలంటే కాగితమే రక్ష. ఎన్ని పేజీలు, ఎన్నిసార్లు మార్పులు, ఏ తేదీకి ఎంత డబ్బు, ఫొటోలూ రాతలూ ఎవరివ్వాలి... ఇవన్నీ రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టాలి. "ఈ ఒక్కటీ చేసిపెట్టమ్మా" అంటూ ఒక్కటొక్కటిగా పెరిగే కోరికలకి అదే కట్ట. డబ్బు మూడు వాయిదాల్లో తీసుకోవాలి... మొదలుపెట్టేటప్పుడు, నమూనా ఒప్పుకున్నప్పుడు, అప్పజెప్పేటప్పుడు. అలాగే వెబ్‌సైటు పేరు యజమాని పేరు మీదే కొనిపించాలి. తాళంచెవులు మన కొంగున ముడేసుకుని బెదిరించడం కూడా న్యాయం కాదు. మర్యాద రెండువైపులా ఉండాలి.

తలుపు వేసుకునే హక్కు

బయటివాళ్ల సంగతి అలా ఉంచండి. ఇంట్లో వాళ్ల సంగతేమిటి?

2019లో కేంద్ర ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు దానికే వెచ్చిస్తున్నారని తేలింది. ఇంటిపనిలో చెయ్యి పెట్టే మగవాళ్లు వెచ్చించేది 97 నిమిషాలు. అంటే అయిదు గంటలు ఇటు, గంటన్నర అటు! "ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు" అన్నప్పుడు ఈ అయిదు గంటలు ఎక్కడికీ పోవు. వాటిపైన ఇంకో అయిదారు గంటలు చేరతాయి. కుక్కరు మూడో కూత, కొరియరు బెల్లు, మావగారి కాఫీ, పాప హోంవర్కు... వీటి మధ్యలో నెలకి ఒక వెబ్‌సైటు. రాత్రి పదకొండు తర్వాత గానీ మా చెల్లి గదిలో అసలు పని మొదలవ్వదు. ఉద్యోగం చేసే ఆడవాళ్లకి 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైంది. సొంతంగా పనిచేసే అమ్మాయికి జీతంతో సెలవు ఒక్కరోజు కూడా లేదు. మరి ఇది హాయి ఎలా అవుతుందండీ?

ఫ్రీలాన్స్ పని మంచిది కాదని నేననడం లేదు. ఊరు వదలకుండా, ఎవరి అనుమతీ అడక్కుండా, సొంత పేరుతో సంపాదించుకునే దారి మన తల్లులకి లేదు. మన పిల్లలకి ఉంది. కాపాడుకోవాలి. నా గొడవల్లా ఇంట్లో చేస్తున్నంత మాత్రాన అది ఇంటిపనిలో కలిపేసే పని కాదన్నదే. మగపిల్లాడు ఇంటినుంచి పనిచేస్తుంటే "ఉష్... అన్నయ్య మీటింగులో ఉన్నాడు" అని టీవీ సౌండు తగ్గిస్తాం. కోడలు మీటింగులో ఉంటే "ఒక్క నిమిషం వచ్చి పోపు వేసి వెళ్లమ్మా" అంటాం. ఈ తేడా ఎవరు పెట్టింది?

"ఇప్పుడు కృత్రిమ మేధతో నిమిషాల్లో వెబ్‌సైటు తయారవుతోందట కదా, ఇంక వీళ్లెందుకు" అనే మేధావులూ ఉన్నారు. బొమ్మ గీసిస్తుంది, కాదనను. కానీ గల్లాపెట్టె పక్కన వారం రోజులు కూర్చుని, పెట్టుబడి చీరలు కొనే పెద్దావిడ మొహమాటపడి ధర అడగలేకపోయిందని గమనించేది ఎవరు? మనుషుల్ని గమనించే పనికి మనిషే కావాలి. ఆ గమనింపుకే ఖరీదు.

అందుకే ఈ పేజీ చదువుతున్న అక్కాచెల్లెళ్లకి నాదొక విన్నపం. మీ ఇంట్లో ఇలాంటి అమ్మాయి ఉంటే రోజులో నాలుగు గంటలు ఆమె గది తలుపు మూసి ఉండనివ్వండి. ఆ నాలుగు గంటలు వంటింట్లోకి ఎవరు వెళ్లాలో మగవాళ్లని కూడా కూర్చోబెట్టి తేల్చండి. మీకే చిన్న వ్యాపారం ఉండి ఆమె చేత పని చేయించుకుంటే, చుట్టరికం చెప్పి బేరమాడకండి. చెప్పిన రోజుకి చెప్పిన డబ్బు ఇవ్వండి. మీరే ఆ అమ్మాయి అయితే మాత్రం, మీ రేటు చెప్పేటప్పుడు గొంతు తగ్గించకండి. తల దించకండి. "ఇంట్లో కూర్చునే కదా చేసేది" అని ఎవరైనా అంటే, "అవునండీ, ఇంట్లోనే చేస్తాను. పనే చేస్తాను" అని చెప్పండి.

ఏమంటారు? నేనన్నదాంట్లో తప్పుంటే చెప్పండి!